దుంగ దగ్గర లోసేలి చోటు

లోసేలి సుత్తి చప్పుడు మా వీధిలో ఎవరైనా ఇంట్లోంచే పోల్చుకునేవాళ్ళు. చెట్టు బెరడుని దుంగ మీద పెట్టి కొయ్యసుత్తులతో బాది, పలచన చేసి, బట్టగా అతికిస్తాం. మా వవాఉ దీవిలో పెళ్ళికైనా చావుకైనా ఆ బట్టే పరవాలి. మా ఆయన్ని సాగనంపిన బట్టా ఆమె చేతిదే.

పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. నెలల తరబడి పట్టుబట్టి మళ్ళీ సుత్తి పట్టింది. మనవరాలి పెళ్ళిబట్ట తనే చెయ్యాలని పంతం.

మేం దుంగ చుట్టూ కూర్చున్నప్పుడు ఒకరు జోరు పెంచితే మిగతావాళ్ళు అందుకోవాలి. అదో సరదా. ఆ రోజు ఆమె దెబ్బలు గబగబా పడ్డాయి. అందరం నవ్వుతూ అందుకున్నాం.

"ముసలిదానికి వయసొచ్చిందే!" అని అరిచింది ఆమె మరదలు ఫినౌ.

లోసేలి నవ్వలేదు. చెయ్యి దానంతట అదే కొట్టుకుంటోంది. పక్కకి ఒరిగిపోయింది.

పక్షవాతం మెదడులో మచ్చ వదిలిందనీ, ఫిట్స్ దాన్నుంచేననీ, మాత్రలు మానకూడదనీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చేసరికి ఫినౌ సుత్తి దాచేసింది.

"ఇక నీకీ పని వద్దు వదినా. కూర్చుని మమ్మల్ని తిట్టు చాలు."

"తిట్టడానికైనా దుంగ దగ్గరే కూర్చుంటా. సుత్తి ఇవ్వవే. ఈసారి నేను జోరు పెంచితే అందుకోకండి. ఆపెయ్యండి."

"నువ్వు నిజంగానే సరదాకి జోరు పెంచితే?"

"నన్ను తిట్టుకుంటూ ఆపండి."

మాత్రలు వేసుకుంటూనే వచ్చింది. కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఒక పొద్దున మళ్ళీ ఆమె దెబ్బలు పరుగెత్తాయి. సుత్తులన్నీ ఆగిపోయాయి. మా ఆయన పోయి ఇల్లు ఖాళీ అయిన రోజు తర్వాత అంత నిశ్శబ్దం మళ్ళీ అప్పుడే విన్నాను. ఫినౌ ఆమె చేతిలోంచి సుత్తి తీసేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టింది. నేను తల కింద మడతబట్ట పెట్టాను. ఆమె నోట్లో ఎవర్నీ ఏమీ పెట్టనివ్వలేదు. ఫిట్స్ ఎంతసేపుంటాయోనని గడియారం చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి తగ్గింది. ఆ రోజంతా నిద్రపోయింది.

డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు. మేం పెళ్ళిబట్టలో చివరి పట్టీని ఆమె కోసం ముట్టుకోకుండా ఉంచాం. ఆమె దుంగ దగ్గరికి తిరిగొచ్చిన రోజు ఫినౌయే సుత్తి చేతికిచ్చింది.

పని సగంలో ఉండగా లోసేలి దెబ్బలు ఉన్నట్టుండి జోరెక్కాయి. సుత్తులు వదిలేసి ఆమె మీదికి దూకబోయాం.

లోసేలి పకపకా నవ్వుతోంది.

"ఏమే, అప్పుడే అలిసిపోయారా?"

ఫినౌ నోటికొచ్చినట్టల్లా తిట్టింది. తిడుతూనే సుత్తి అందుకుంది. చివరి పట్టీ మధ్యాహ్నానికల్లా అయిపోయింది. పెళ్ళిరోజు మనవరాలు ఆ బట్ట మీద నడుస్తుంటే, ముందు నిలబడి నాట్యమాడింది లోసేలి.