బురుల్చా పట్టిన మగ గుడ్డెలుక

అలాయ్ లోయలో సతార్‌కి నలుగురు కూతుళ్లు. ఆఖరిది బురుల్చా. వాళ్ల గడ్డిపొలం నిండా, నేల కింద సొరంగాలు తవ్వే గుడ్డెలుకలు మట్టికుప్పలు పోసేవి. కోతకు దిగితే పొడుగు కొడవలి ఆ కుప్పలకి తగిలి మొద్దుబారేది. ఊరంతా ఆ ఎలుకల్ని తిట్టుకునేది. బురుల్చా మాత్రం బిష్కెక్ నగరం వెళ్లి వాటి మీదే చదువు ఎంచుకుంది.

మామూలుగా క్షీరదాల్లో ఆడదానికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. ఆడదాని కణాల్లో రెండు ఎక్స్‌లలో ఒకటి పని మానేసి నిద్రపోతుంది. ఈ గుడ్డెలుకల్లో మగవాటికీ రెండు ఎక్స్‌లే, వై అసలే లేదు. మరి వాటిలోనూ ఒకటి నిద్రపోతుందా? తన కళ్లతో చూడాలని బురుల్చా పట్టుబట్టింది.

కోతల వేళ ఇంటికొచ్చి, పొలంలో ఒక సొరంగం తెరిచి, పార పట్టుకుని నిలబడింది.

"ఏమే బురుల్చా, ఎలుకలు పట్టడానికా మీ నాన్న నిన్ను పట్నంలో చదివిస్తోంది?" పక్క పొలం దోరోన్ పగలబడి నవ్వాడు.

"మెల్లగా బాబాయ్, నీ గొంతుకి అది పారిపోతుంది."

"నవ్వితే నవ్వనీ. నువ్వు పట్టవే తల్లీ," అన్నాడు సతార్.

తెరిచిన కన్నం పూడ్చడానికి ఎలుక మట్టి తోసుకుంటూ వచ్చింది. దాని వెనక పార దిగేసి దారి మూసి, గబుక్కున పట్టేసింది. తిప్పి చూసింది. మగదే!

బిష్కెక్‌లో దాని కణాలతో మొదట చేసిన స్లైడ్లన్నీ పాడయ్యాయి. ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చేసింది. ఈసారి రంగు చక్కగా పట్టింది. రెండు ఎక్స్‌లలో ఒకటి మిగతా క్రోమోజోములతో పాటే తన నకలు తయారుచేసుకుంటోంది. రెండోది బద్ధకంగా అన్నిటికన్నా వెనకబడింది. నిద్రకి గుర్తు అదే.

గురువు రైసా నమ్మలేదు. "ఆడదాన్ని తెచ్చి మగదంటున్నావేమో?"

"నేనే చూసి పట్టాను మేడమ్. కావాలంటే ఇంకోటి తెస్తాను."

తెచ్చింది. అందులోనూ అంతే. రైసా సూక్ష్మదర్శిని ముందు నుంచి లేచి, "శాస్త్రవేత్తల సభలో ఇది నువ్వే చెప్పాలి," అంది.

ఆ సభకి సతార్ తెల్లటి ఉన్ని టోపీ పెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సగం మాటలు అర్థం కాలేదు. ఎవరో అడిగారు: "వై లేకుండా అది మగది ఎలా అవుతోంది?"

"ఇంకా తెలియదండీ," అంది బురుల్చా, తల దించుకోకుండా. "మగదానిలోనూ ఒక ఎక్స్ నిద్రపోవడం మాత్రం నేను చూశాను."

చప్పట్లు మోగాయి. సతార్ లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా, కూర్చోండి, మాకు కనబడటం లేదు," అన్నారు వెనకవాళ్లు.

"అది నా కూతురయ్యా. కాసేపు నిలబడనివ్వండి."

బురుల్చా తరవాతి బొమ్మ చూపించడం మరిచిపోయి, ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.