రెండో గీత మీద సంతకం

ఇదివరకు పొద్దున్నే వంటింట్లోంచి ఒక్క కేక వేస్తే చాలు, పిల్ల దుప్పటి తన్నేసి లేచేది. ఇప్పుడు తల్లి చెయ్యి తుడుచుకుని, గదిలోకి వెళ్లి, భుజం తట్టి లేపాలి. మంచి చెవి దిండులో ఉందంటే ఎంత పిలిచినా లాభం లేదు. ఆ రెండో చెవి ఏడు నెలలుగా చీము కారుతోంది.

"లోపల పెరిగిన కండ ఎముకను చెదలా తినేస్తోందమ్మా. ఆలస్యమైతే వినికిడి తిరిగి రాదు," అని డాక్టరమ్మ చెప్పి, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, ఒక కాగితం చేతిలో పెట్టింది. దాని అడుగున రెండు గీతలు, తల్లికొకటి, తండ్రికొకటి. విడిపోయినప్పుడు కోర్టు అలాగే రాసింది మరి. పిల్ల తల్లి దగ్గరుంటుంది, చదువూ వైద్యమూ మాత్రం ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

తండ్రి ఇళ్లకు రంగులు వేస్తాడు. ఆమె కాగితం పట్టుకుని పనిచేసే చోటికే వెళ్లింది. ఆయన నిచ్చెన మీదే నిలబడి చదివాడు.

"మా పెదనాన్న కొడుకు గుర్తున్నాడా? చెవి కోయించుకుంటే మూతి పక్కకి పోయింది. నీళ్లు తాగితే గడ్డం మీంచి కారేవి. ఇది ఆడపిల్లే. నేను సంతకం పెట్టను."

"అదెప్పటి మాట!"

"మందులు వాడు."

"వాడకేం? చెవిలో పోసిందంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది."

ఆయన బ్రష్షు మీంచి ఒక చుక్క కాగితం అంచున రాలింది. కంగారుపడి చొక్కాతో తుడిచి మరీ ఇచ్చాడు. ఆయన భయపడుతున్నాడని ఆమెకు అప్పుడర్థమైంది. పోట్లాటకని దారి పొడవునా కూడగట్టుకున్న మాటలు మింగేసి, కాగితం మడిచి వెనక్కి తెచ్చుకుంది.

ఆపరేషన్‌కు ముందురోజు ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది.

"రేపు ఎనిమిదింటికల్లా రెండు సంతకాలతో రండి. లేదంటే మళ్లీ నాలుగు నెలల తర్వాతే తేదీ. రాత్రి పడుకున్నాక పిల్లకి ఏమీ పెట్టకండి, ఖాళీ కడుపుతోనే తీసుకురండి."

ఆయన సంతకం ఆమెకు కొట్టిన పిండి. కాపురం చేసిన రోజుల్లో పిల్ల బడి కాగితాల మీద ఆయన సంతకం పెట్టింది ఆమే. "చేతులకి రంగుంది, నువ్వే గీకెయ్యవే," అనేవాడు. "మీ సంతకం మీకంటే నాకే బాగా వచ్చు," అని ఆమె వెక్కిరించేది. ఆ సాయంత్రం పెన్ను తీసింది. పెన్ను మొన రెండో గీతకు వెంట్రుకవాసి దూరందాకా వెళ్లి ఆగిపోయింది. దొంగ సంతకమని తేలితే పిల్లే చెయ్యి జారిపోతుందని విడాకులు చూసిన వకీలు ముందే చెప్పాడు. పెన్నుకు మూత పెట్టి ఫోన్ తీసింది.

"ఏమండీ."

ఏడాదిగా నోట రాని పిలుపు.

"ఆ చెవి వైపు నుంచి మాట్లాడితే దానికి నా గొంతు అందట్లేదండీ. నా నోరు కదిలితే చూసి, అర్థమైనట్టు నవ్వుతోంది."

"దాని మూతికేమన్నా అయితే?"

"నన్నే తిట్టండి. బతికినంతకాలం తిట్టండి."

"పొద్దున చూద్దాంలే," అని పెట్టేశాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

తెల్లారింది. ఏడయింది. ఆమె గుమ్మంలోకీ లోపలికీ కాలుకాలిన పిల్లిలా తిరిగింది. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు.

"అమ్మా, ఆకలి," అంది పిల్ల.

కాసేపాగమని వేలు చూపించింది. పిల్ల ఆగింది. మళ్లీ అడిగింది. ఆయన రాకపోతే ఈ పస్తు వట్టి పస్తే. వచ్చేసరికి పిల్ల ఒక్క ముద్ద తిని ఉంటే మాత్రం ఆ తేదీ తనే చేతులారా పోగొట్టినట్టు. ఇప్పుడు తిండి పెట్టడమంటే ఆయన ఇక రాడని తనే ఒప్పుకోవడం.

ఏడున్నరకు పిల్ల తన కంచం తనే తెచ్చుకుని, బాసింపట్టు వేసి కూర్చుంది. ఆమె ఆ కంచం తీసి గట్టు మీద బోర్లించింది. పిల్ల కాళ్లకు చెప్పులు తొడిగి, రెండో గీత ఖాళీగా ఉన్న కాగితం పట్టుకుని, ఆయన వచ్చే దారి చూస్తూ ఆసుపత్రికి బయల్దేరే వేళ దాకా గుమ్మంలోనే నిలబడింది. పొయ్యి మాత్రం వెలిగించలేదు.