కాలవ దాటిన ఆకుపచ్చ గీత

సివిల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో నెల్లూరులోని ఒక సర్వే ఆఫీసులో తాత్కాలిక ఓవర్సీయరుగా చేరాను. చేరిన కొద్దిరోజులకే మా ఇంజనీరుగారు నన్ను పిలిచి, టౌను నుంచి సముద్రం వైపుకు ఒక చిన్న రైలు వేసే ఆలోచన ఉందనీ, దారులు చూసిపెట్టమన్నారనీ చెప్పారు. సన్నని పట్టాలు, రెండు పెట్టెలు, డీజిల్ ఇంజను. ఊరూరా ఆగుతూ పొద్దున జనాన్ని టౌనుకు తెచ్చి, సాయంత్రం ఇళ్ళకు చేర్చే రైలు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. కంచంలో కూడా వేలితో మలుపులు గీస్తున్నానని మా అమ్మ కోప్పడింది.

ట్రేసింగ్ బట్ట మీద మూడు దారులు తేలాయి. ఎర్ర గీత బండ్లబాట పక్కనే సాగి, బస్సు ఆగిపోయే చివరి పెద్దవూరి దగ్గర తనూ ఆగిపోతుంది. నీలం గీత చెరువుకట్ట వెంబడి వరిమళ్ళలోకి దిగుతుంది. వంపులు తక్కువే కానీ తూములు, కల్వర్టులు లెక్కలేనన్ని. మూడోది ఆకుపచ్చ గీత, నాకు ముద్దొచ్చిన గీత. ఎర్ర గీత ఆగిన చోట ఆగకుండా పెద్దవూరు దాటి, పడవలు తిరిగే కాలవ దాటి, ఇసుకలో ఉన్న పట్టపుపాలెం, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లె దాకా పోతుంది. చివరి కర్ర పాతినప్పుడు అల మా పాదాల దాకా వచ్చి పోయింది.

ఆ రోజుల్లో ఈ రైలు గురించి వాదించని మనిషి లేడు. కాఫీ హోటల్లో, మంగలి దగ్గర, రైసుమిల్లు అరుగు మీద ఇదే గోల. మేము మూడుకాళ్ళ స్టాండు మీద థియోడొలైటు దూరదర్శిని బిగిస్తే చాలు, చుట్టూ జనం మూగేవారు.

"రైలు మా ఊరికి రావాల సార్. రాకుంటే ఊరుకోం," అనేవారు ఒక ఊళ్ళో.

"వస్తుంది. మీ చేలో నుంచే వస్తుంది."

"చేలో నుంచా? అదెట్టా? ఊరికి రావాల గానీ చేలోకి రాకూడదు!"

"మరి ఎటునుంచి రావాలి, గాల్లోనుంచా?"

"ఆ పక్క చేను మా బావమరిదిది. దాంట్లో పొయ్యేట్టు చూడండి. వాడికి రైలంటే చానా ఇష్టం."

మరుసటి రోజు పొద్దున వెళ్ళి చూస్తే మేము పాతిన జెండా కర్రలు చోటు మారి ఉండేవి. ఒక ఊరివాళ్ళు తమ చేల నుంచి పీకి పక్కకు పాతేవారు. ఇంకో ఊరివాళ్ళు స్టేషను కావాలని తమ బడి పక్కకు లాక్కునేవారు. జెండా ఎక్కడుంటే రైలు అక్కడికొస్తుందని వాళ్ళ నమ్మకం. ఒకచోట దూరదర్శినిలో చూస్తే నా తిన్నని గీత పాము కదిలినట్టు వంకర్లు పోయింది. ఇంజనీరుగారు నవ్వలేదు. నేను అటు తిరిగి నవ్వుకున్నాను.

గీతలు గీయడంతో పని అయిపోలేదు. ఏ దారిలో ఎంత రాకపోకలున్నాయో రాయాలి. దానికి అచ్చు వేసిన కాగితాలు ఉండేవి. బస్సు ఎక్కేవాళ్ళకు ఒక గడి, ఎడ్లబండ్లకు ఒక గడి, సైకిళ్ళకు, లారీలకు, వడ్ల బస్తాలకు తలా ఒక గడి. నేను పెద్దవూళ్ళో బస్సు ఆగే చోట గొడుగు వేసుకుని కూర్చుని నింపుతూ ఉండేవాణ్ణి. ఎర్ర గీతకు బస్తాలు దండిగా వచ్చాయి. నీలానికీ ఫరవాలేదు. ఆకుపచ్చ గీతకు, అంటే పెద్దవూరికీ పాలేనికీ నడుమ, గడులన్నీ ఖాళీ.

ఖాళీగా ఎందుకున్నాయో నాకు తెలుసు. పాలెం నుంచి మా ఇంటికి నా చిన్నప్పటి నుంచీ చేపలు తెచ్చే ఆమె ఉంది. చేపలక్క అనేవాళ్ళం. తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకుని, మరికొందరు ఆడవాళ్ళతో కలిసి పొలం గట్ల అడ్డదోవన టౌనుకు వచ్చేది. అది నడకా కాదు, పరుగూ కాదు, రెంటికీ మధ్య. బస్సు ఎక్కుదామంటే కండక్టరు చేపల గంపను మెట్టు మీద కూడా పెట్టనివ్వడు. వాసనకు మిగతావాళ్ళు దిగిపోతారట.

కాగితాలు సర్దుకుంటున్న రోజుల్లోనే ఆమె మా వాకిట్లో గంప దించి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది.

"రైలు మా పాలేనికి వస్తాదంట గదా అబ్బయా? జెండా కూడా పాతినారు."

"వస్తే బాగుండు అక్కా. కాలవ దాటించడానికి మా వాళ్ళకు మనసు రావట్లేదు."

"నాకు ఇంకో ఏడాది. ఆ పైన ఈ మోకాళ్ళు నెల్లూరు దాకా రావు. ఒడ్డు మీద బేరగాడికి పోసెయ్యాల్సిందే. వాడు చెప్పిందే మాట. ఇన్నాళ్ళూ నా బేరం నేనే చేసుకున్నా." గంప మీద తడిగుడ్డ సర్దుతూ అడిగింది. "మా గంపలు రాసినావా నీ కాగితంలో?"

"నెత్తిన మోసేదానికి గడి లేదక్కా. ఇంజనీరుగారిని అడిగాను. తలమోత లెక్కలోకి రాదన్నారు."

"అంటే కనపడేదే రాస్తారా?"

"అంతే."

"మేం రోజూ నడస్తా ఉంటే కనపడలా?" అని నవ్వి, గంప ఎత్తుకుంటూ, "సరే, ఒకనాడు నడవకుండా చూస్తాం," అంది. ఊరికే అన్నదనుకున్నాను.

దారి తేల్చడానికి ముగ్గురు పెద్దల కమిటీ వచ్చింది. సభ పెద్దవూరి బళ్ళో. నేను గోడకు మూడు పటాలు తగిలించి, చేతిలో కర్రతో నిలబడ్డాను. రైతులు ఒక పక్క, వ్యాపారులు ఒక పక్క. ముందు వరసలో బస్సు సాయిబుగారు. ఆ దారిలో తిరిగే బస్సు ఆయనదే. రైలు వస్తే తన బస్సు మూలపడుతుందని ఆయన భయం. ఆ భయాన్ని దాచుకోలేదు కూడా.

"రైలుకు పట్టాలు కావాల, వంతెన కావాల, సిగ్నలు కావాల. నా బస్సుకు హారను ఒక్కటుంటే చాలు గదా హుజూర్!"

"ఆ హారను ఒక్కటే గదా సాయిబూ నీ బస్సులో పనిచేసేది!" అన్నాడొక రైతు. బడి పైకప్పు ఎగిరిపోయేంత నవ్వారు.

ఎరుపు, నీలం మీదే మధ్యాహ్నం దాకా సాగింది. ఆకుపచ్చ గీత వంతు వచ్చేసరికి ఇంజనీరుగారు ఒక్క మాటతో తేల్చారు. "కాలవ అవతల రాకపోకలు లేవు సార్." ఖాళీ గడుల కాగితం కమిటీ ముందు పెట్టారు. నా చేతిలో కర్ర దానంతటదే కిందికి దిగింది.

భోజనానికి లేచాం. వంట ఊరి ప్రెసిడెంటుగారింట్లో. కమిటీ పెద్దాయన నెల్లూరు చేపల పులుసు మీద మనసు పెట్టుకుని వచ్చారని అందరికీ తెలుసు. విస్తట్లో పడింది సొరకాయ పులుసు.

"ఇదేమిటండీ? సముద్రం పక్కకొచ్చి సొరకాయా?"

ప్రెసిడెంటుగారు చేతులు నలుపుకున్నారు. "పాలెంలో దురాయి వేసినారు సార్."

దురాయి అంటే పట్టపువాళ్ళ కట్టుబాటు. పాలెం పెద్దలు కూర్చుని ఒక మాట అనుకుంటే, ఒక మనిషి సందుసందునా అరిచి చెప్తాడు. ఆ పైన ఎవరూ పడవ నీళ్ళలోకి తొయ్యరు. తోస్తే తప్పు కట్టాలి. ఆ రోజు సముద్రం పళ్ళెంలా ఉంది, వల వేస్తే నిండే రోజు. అయినా పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి.

మేము మజ్జిగ దగ్గరుండగానే టౌను నుంచి బస్సు వచ్చింది. కండక్టరు దిగుతూనే సాయిబుగారితో గట్టిగా చెప్పాడు. "మార్కెట్లో ఒక్క చేప లేదు సార్! బండలన్నీ కడిగినట్టుండాయి. జనం ఒకటే తిట్లు. మీ ఇంట్లో కూడా ఈ పూట పప్పేనంట."

కమిటీ పెద్దాయన చెయ్యి కడుక్కుని నేరుగా ఇంజనీరుగారి వైపు తిరిగారు.

"ఈ ఒక్క పాలెం ఊరుకుంటే టౌనుకు చేపలు లేవా? అయితే రోజూ అన్ని చేపలు ఎట్లా పోతున్నాయి? మీ కాగితంలో లేవే?"

"తలమోత సార్. దానికి గడి లేదు."

"గడి లేకపోతే చేపలు లేనట్టా?"

మేము బడికి తిరిగొచ్చేసరికి ఆవరణ నిండా పాలెం ఆడవాళ్ళు. ఖాళీ గంపలు వరసలుగా బోర్లించి, వాటి వెనక నిలబడ్డారు. గేటు దాటి బాట మీద కూడా గంపలే. ముందు వరసలో చేపలక్క. నేను ఇక ఆగలేకపోయాను. అడక్కుండానే పటం గోడ మీంచి తీసి బయటికి తెచ్చి, వేప చెట్టు మొదలుకు ఆనించి, ఆకుపచ్చ గీత మీద కర్ర పెట్టాను. ఒకదాని తరవాత ఒకటి చెప్పుకుపోయాను. కాలవ వెడల్పు ఎంత, పునాదికి గట్టి మట్టి ఎక్కడ తగిలింది, ఒకప్పుడు లారీలు పోయిన పాత వంతెన ఎంత బరువు మొయ్యగలదు, పాలెంలో చేపల షెడ్డుకు స్థలం ఎక్కడుంది. మధ్యలో ఇంజనీరుగారు నా చేతిలోంచి కర్ర తీసుకున్నారు. తిడతారనుకున్నాను. నేను మరిచిపోయిన ఒక కల్వర్టు చూపించి, కర్ర మళ్ళీ నా చేతికే ఇచ్చారు.

సాయంత్రానికి కమిటీ తేల్చింది. మొదటి దారి ఆకుపచ్చ గీత. ఆడవాళ్ళు గంపల మీద దరువు వేశారు. రైతులు కూడా చప్పట్లు కొట్టారు, వాళ్ళ చేలకు నీలం గీత బెడద తప్పింది కాబట్టి.

ఫైలు పైకి వెళ్ళింది. వెళ్ళి, పైనే ఉండిపోయింది. రైలు రాలేదు. ఆ సంగతి తెలిసేలోపే ఇంకొకటి జరిగింది. ఒక ఆదివారం బస్సు సాయిబుగారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు.

"అబ్బాయా, ఆ దినం గంపలు నేను కూడా చూసినా. నా బస్సు పక్కనుంచే అంత బేరం నడిచిపోతా ఉంటే ఇన్నాళ్ళు హారను కొట్టుకుంటా కూర్చున్నా. నీ ఆకుపచ్చ గీత మీద బస్సు పోతాదా?"

పోతుందన్నాను. ఎక్కడ ఇసుక మెత్తగా ఉందో, ఎక్కడ తాటిమొద్దులు పరిచి గ్రావెలు పొయ్యాలో వరసగా చెప్పాను. ఆయన వింటూ విసుక్కోలేదు. ఆయన బాట వేయిస్తుంటే నేను రోజూ సైకిలు మీద వెళ్ళి చూసొచ్చేవాణ్ణి.

మొదటి బస్సు పాలెం నుంచి బయలుదేరిన పొద్దున నేను డ్రైవరు పక్కనే కూర్చున్నాను. బస్సు పైకప్పు మీద చుట్టూ ఇనప కటకటాలు, వాటి నడుమ గంపలు. కాలవ మీది పాత వంతెన దగ్గర చక్రాలు సరిగ్గా నేను గీసిన వంపులోనే తిరిగాయి. అరవాలనిపించింది. అరిచాను కూడా. డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు.

పెద్దవూళ్ళో ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు ఎక్కి, కిటికీ మీద పైనుంచి కారుతున్న నీళ్ళు చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏందయ్యా ఈ కంపు! వీళ్ళనెందుకు ఎక్కిస్తుండారు?"

చేపలక్క సీటులో సర్దుకుని, కాళ్ళు చాపుకుని, మెల్లగా అంది. "కంపైతే దిగి నడువు నాయనా. అడ్డదోవ నేను చెప్తాలే."