ఇనుప మృగం మీద నేను రాసిన అర్జీ

ఆ రోజుల్లో మా బన్సీలాల్‌పేట్ సందుకు అర్జీల జ్వరం పట్టుకుంది. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. కొత్త సర్కారు చెప్పుకుంటే వింటుందట, తెలుగులో రాసినా తీసుకుంటుందట అని ఎవరో అన్నారు. ఇక చూడండి, కొళాయి సన్నగా వస్తోందని ఒక అర్జీ, మేకలు గుమ్మాల్లో పడుకుంటున్నాయని ఇంకొకటి. అన్నీ రాసేది నేనే. అప్పటికి నాకు పద్నాలుగేళ్లు, బడి మొహం ఎరగను. మా అమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టి, రోజుకో పుట బైబిలు వాక్యం రాయించి చదువు చెప్పింది. దేవుడి దయవల్ల చేతిరాత ముత్యాల్లా కుదిరింది. భాష మాత్రం ప్రవక్తల భాషే అబ్బింది. (కొళాయి అర్జీలో “దప్పిగొనిన మా జనులయందు కనికరపడుడి” అని రాశాను. వారం తిరక్కుండా కొళాయి బాగుపడింది. ఆ తరవాత నా తలపొగరు గురించి అడక్కండి.)

మా గోడకు ఆనుకుని ఉన్న గదిలో ఒక కుర్రాడు తన తల్లితో ఉండేవాడు. అతనికీ ఒక పేరు ఉండే ఉంటుంది, మా అందరికీ మాత్రం ఫట్‌ఫటన్నే. యుద్ధం అయిపోయాక పటాలంవాళ్లు వేలం వేసిన మోటారు సైకిలు కొన్నాడు. దాని ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయింది, చప్పుడు మాత్రం చెక్కు చెదరలేదు. శని, ఆదివారాల్లో అతనికి సినిమా రీళ్ల చుట్టలు మోసే పని. ఒకే సినిమాని రెండు హాళ్లలో ఆడించేవారు. ఇక్కడ చుట్ట తిరగడం అవగానే దాన్ని అక్కడికి చేర్చాలి. అడ్డదారి మా సందే. పెద్దరోడ్డు చుట్టి వెళితే అవతల తెర తెల్లగా మిగిలిపోతుంది, జనం కుర్చీలు విరుస్తారు, అతని పని పోతుంది. బండినీ, తల్లినీ పోషించేది ఆ పనే.

సందు చివర మా ప్రార్థన మందిరం. అయ్యగారు కళ్లు మూసుకుని “ప్రభువా” అనేసరికి బయట ఫట్ ఫట్ ఫట్. పైగా తుపాకుల మోత ఇంకా మరవని ఆ ఏడాది అలాంటి చప్పుళ్లకు అందరూ ఉలిక్కిపడేవారు. మా చెల్లి మంచం కింద దూరేది. అందుకని సంఘ పెద్ద అయిన మా పెదనాన్న నన్ను పిలిచి, శని ఆదివారాల్లో ఆ బండి మన సందులో అడుగు పెట్టకుండా అర్జీ రాయమన్నాడు. రాశాను. “ఇదిగో, ఒక ఇనుప మృగము మా వీధిలో గర్జించుచున్నది, దాని నాసికారంధ్రములనుండి పొగ లేచుచున్నది” అని మొదలుపెట్టి, రెండు పుటలదాకా ఆగలేదు. పెదనాన్న చదివి కళ్లజోడు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఆ మృగం వెనక ఉన్న మనిషి ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

ఇక సంతకాలు. మా సందులో ఏ కాగితానికైనా పై గీత మా నాయనమ్మది. అందరిలోకీ పెద్దావిడ. ఆవిడ వేలిముద్ర పడందే రెండో మనిషి కలం ఎత్తడు. చదివి వినిపించందే ఆవిడ వేలు ఇవ్వదు. వినిపించడం అంటే మాటలా, ఆవిడకు చెవుడు! శనివారం మధ్యాహ్నం ఆవిడ మంచం పక్కన నిలబడి, చెవిలో నోరు పెట్టి, ఆ రెండు పుటలూ కేకలు వేసి చదివాను. రెండో పుటలో ఉండగా పెదనాన్న పరుగెత్తుకొచ్చాడు.

“ఏమిటే ఆ గోల? వీధి వీధంతా బయటికొచ్చింది!”

“చప్పుడు మీద అర్జీ పెదనాన్నా, చదువుతున్నాను.”

అప్పుడు కిటికీలో ఒక తల లేచింది. గోడ అవతల బండి తుడుచుకుంటూ ఫట్‌ఫటన్న మొదటినుంచీ అంతా విన్నాడు.

“చెల్లె, గిదంత నా బండి గురించేనా? ఇనుప మృగం అన్నవు జూడు, మస్తుగుంది. ఇంకోపాలి జదువు జెర!” అని పెదనాన్న వైపు తిరిగి, “పెద్దయ్యా, నేను సుత సంతకం పెడ్తా,” అన్నాడు.

“నువ్వెందుకురా?”

“సందుల అందరికి తక్లీఫ్ అయితున్నదంటిరి. నేను సుత గీ సందులనే ఉంటగద!”

ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. కాదు. నల్లటి చేతులు గుడ్డకు తుడుచుకుని నిజంగానే కలం అడుగుతున్నాడు. అంత పెద్దమనసు అంతకుముందు నేను వాక్యంలో చదివానే గానీ కిటికీలో చూడలేదు.

నాయనమ్మ వేలు మాత్రం లేవలేదు. “ఆ బండి ఆపేస్తారా? ఎందుకే?”

“చప్పుడు, నాయనమ్మా!”

“ఓసి పిచ్చిదానా, నాకు వినబడే చప్పుడు అదొక్కటేనే! నీ పాట వినబడదు, అయ్యగారి ప్రసంగం వినబడదు. శనివారం ఆ బండి మంచం కోళ్లలోంచి ఎక్కి నా చెవిలోకి వచ్చిందంటే, అమ్మయ్య, రేపు ఆరాధన, ప్రభువు నాకింకా ఒక చెవి ఉంచాడు అని స్తోత్రం చెప్పుకుంటాను. దాన్ని తీసెయ్యడానికి నా వేలే కావాల్సొచ్చిందా?”

పెదనాన్న అర్జీని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు. “ప్రార్థన జరిగేటప్పుడు మందిరం ముందు ఇంజను ఆపి నూక్కుంట పోత పెద్దయ్యా,” అన్నాడు ఫట్‌ఫటన్న. అలా తోస్తే ఆలస్యమవుతుందనీ, అవతల తెర తెల్లబడుతుందనీ అందరికీ తెలుసు. అతను మాత్రం ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు ఆరాధన మధ్యలో బండి చప్పుడు సందు మొదట్లోనే ఆగిపోయింది. కళ్లు మూసుకోవాల్సిన నేను కిటికీలోంచి చూశాను (క్షమాపణ అడిగేశాను లెండి). ఫట్‌ఫటన్న వంగి, చెమటలు కక్కుతూ తోస్తున్నాడు. ఇంతలో తెల్ల పంచె, తెల్ల కోటుతో పెదనాన్న చప్పుడు లేకుండా బయటికి నడిచి, వెనకనుంచి బండిమీద చెయ్యి వేశాడు. ఆయన దృష్టిలో సినిమా అంటే నరకానికి రాజమార్గం.

“ఏందీ పెద్దయ్యా, మీరెందుకు పరేషాన్...”

“నోరు మూసుకుని తొయ్యరా, అక్కడ బొమ్మ ఆగిపోతుంది!”

ఆ ఆదివారంనుంచి వంతులవారీగా మందిరంలోని మగవాళ్లందరూ తోశారు. అతని పని పోలేదు. మందిరం దాటాక ఇంజను మళ్లీ మోగేది. ముందు బెంచీలో కూర్చున్న నాయనమ్మ అయ్యగారి ప్రార్థన ఎక్కడిదాకా వచ్చిందో చూడకుండా, “ఆమేన్” అనేది.

ఇప్పుడు మేముండేది పద్మారావు నగర్‌లో, అపార్ట్‌మెంటు. ఈమధ్య కమిటీ అబ్బాయిలు ఒక కాగితం తెచ్చారు, శని ఆదివారాల్లో మోటారు సైకిళ్లు గేటు లోపలికి రాకూడదని. భాష చాలా పేలవంగా ఉంది, ప్రవక్తల సాయం తీసుకున్నట్టు లేదు. “పెద్దవారు, మొదటి సంతకం మీదే, అమ్మమ్మగారూ,” అన్నారు. నా కుడి చెవి సెలవు తీసుకుని చాలా కాలమైంది, ఎడమది కూడా సామాన్లు సర్దుకుంటోంది. కలం మూత పెట్టి, పై గీతను ఖాళీగా వదిలి, కాఫీ తాగి వెళ్లండి నాయనా అన్నాను. వాళ్లేదో అన్నారు, వినబడలేదు. కింద ఎవరో బండి స్టార్ట్ చేశారు. అది వినబడింది. స్తోత్రం.