నూగాకు పత్తి

వీర్రాజుకి దుమ్మంటే పగ. స్టీల్ ప్లాంటులో క్రేన్ ఎక్కి ఉద్యోగమంతా దుమ్ము తిన్నవాడు, ఇంట్లో మాత్రం కిటికీ ఊచల మీద వేలు పెట్టి చూసేవాడు. గాజువాకలో కాపురం పెట్టి దుమ్ముతో యుద్ధమంటే మాటలా! మా వీధివాళ్లం చాటున నవ్వుకునేవాళ్లం.

ఆయన భార్య తాయారు కృష్ణా జిల్లాలో పత్తి చేల మధ్య పెరిగిన మనిషి. సింహాచలం అప్పన్న పేర లక్షవత్తుల నోము పట్టింది. ఆమె పుట్టింటివాళ్ల పద్ధతిలో పత్తి ఇంట్లోనే కాయాలి, వత్తులు తన చేత్తోనే చేయాలి. అందుకే అక్కడి గింజలు తెచ్చి మేడ మీద కుండీల్లో వేసింది. ఆ ఆకుల నిండా నూగు. గాలికొచ్చే నల్లదుమ్మంతా ఆ నూగుకే పట్టుకునేది. వీర్రాజు గుడ్డ పట్టుకు బయల్దేరితే కసిరేది.

"ముట్టుకోకండి! ఆ నూగు ఉంటేనే రసం పీల్చే పచ్చదోమ ఆకు మీద నిలవదు, గుడ్లు పెట్టలేదు. తెల్లదోమంటారా, దానికి నూగే ఇష్టం, పడితే నేను చూసుకుంటాను."

కిందటేడు తాయారు క్యాన్సరుతో ఆసుపత్రిలో ఉంది. ఆమె ఇంటికొచ్చేసరికి మేడ కళకళలాడాలనుకున్నాడు వీర్రాజు. పాత మొక్కలు పీకేసి, నర్సరీ నుంచి నున్నటి ఆకుల పత్తి తెచ్చి నాటాడు. ఒక్కసారి తుడిస్తే ఆకులు తళతళలాడాయి. మురిసిపోయాడు, ఖర్మ!

ఆ నున్నటి ఆకుల మీదికి పచ్చదోమ దిగింది. అంచులు పసుపెక్కి, కిందికి ముడుచుకుని, ఎర్రగా మాడిపోయాయి. పూత రాలింది. పక్కింటి ఈశ్వరి చూసి నోరు నొక్కుకుంది.

"ఏటి సేసీసావన్నయ్యా! వదిన నోము ఇంకా అవ్వనేదు గదా. ఆవిడికేటి సెప్తావు?"

తాయారు ఇంటికొచ్చిన రోజున వీర్రాజు కొట్లో దూది కొన్నాడు. ఆమె డబ్బాలో దాచుకున్న నూగాకు గింజల్ని అందులో దోపి, "మన చెట్టుదే," అంటూ మంచం మీద పెట్టాడు.

చెట్టున కాసిన పత్తిలో గింజని పీచు వదలదు, గోళ్లతో లాగాలి. ఇవి వేలు తగలగానే జారి పక్క మీద పడ్డాయి. తాయారుకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గింజలన్నీ ఏరి ఆయన దోసిట్లో పోసింది.

"నూగాకు పీకేశారా?"

"శుభ్రంగా ఉంటుందనుకున్నానే," అన్నాడు వీర్రాజు తల వంచుకుని.

"ఇవి వేయండి. కాసేదాకా ఉంటానేమో చూద్దాం."

ఉండలేదు. మొక్కలు మోకాలెత్తు రాకముందే పోయింది.

ఈ ఏడు కాయలు పగిలాయి. ఆకుల మీద దుమ్ము అట్టకట్టింది, వీర్రాజు తుడవలేదు. మొన్న పత్తి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"ఇలా ఇయ్యన్నయ్యా, వత్తులు నాను సేసిస్తాను," అంది ఈశ్వరి.

"వద్దమ్మా. మీ వదిన చేత్తోనే అవ్వాలి, ఇంకెవరు చేసినా లెక్కలోకి రాదట," అన్నాడాయన. "చూడు, ఎంత విరగకాసిందో."