వాపసు తెచ్చిన మాత్రలు

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. మా ఆయనకు చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

బీదర్‌లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఒక కేంద్రంలో నేను కౌన్సెలర్‌ని. రోగులు మిగిలిన మాత్రలు డబ్బాతో సహా తెస్తారు. అవి లెక్కపెట్టి కంప్యూటర్‌లో ఎక్కిస్తాను. రక్తంలో వైరస్ పెరిగినప్పుడు ఆ లెక్క చూసే సాఫ్ట్‌వేర్ డాక్టరమ్మకు సలహా చెబుతుంది. మాత్రలు సరిగ్గా వేసుకున్నా పెరిగిందంటే మందు మార్చే ఆలోచన చేయమంటుంది. మాత్రలు ఎక్కువ మిగిలి, మానేస్తున్నారని తేలితే, నచ్చజెప్పి మూడు నెలలు చూడమంటుంది.

జనవాడ నుంచి వచ్చే లక్ష్మమ్మకు ఆ రోజు వైరస్ బాగా పెరిగి ఉంది. డబ్బాలో మాత్రలూ చాలా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. మొగుడు పోయి రెండు నెలలు కాలేదు, నువ్వూ పోదామనుకుంటున్నావా అని కోప్పడ్డాను. తలొంచుకుని వింది. నేను లెక్క ఎక్కించేశాను. మూడు నెలలు చూడమంది సాఫ్ట్‌వేర్. దాన్నేమనాలి? నేను చెప్పింది నమ్మింది.

అప్పుడు లక్ష్మమ్మ మెల్లగా అంది.

"నేను ఒక్క పూట గూడ తప్పలే, చెల్లె. మా ఆయనవి మిగిలినయి గద, అవి గూడ ఈ డబ్బాలనే పోసి తెచ్చిన. సర్కారు మందు, వాపసు ఇయ్యాలె గద."

"ముందుగాల చెప్పొద్దా, అక్కా?"

"నువ్వు కోపంల ఉంటివి. ఊకున్న."

ఎక్కించింది మార్చాలంటే డాక్టరమ్మను అడగాలి. ఆ వారంలోనే నా తప్పులకు రెండుసార్లు అందరి ముందూ చీవాట్లు తిన్నాను. మూడు నెలలే కదా, మళ్లీ పరీక్ష చేస్తారు కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? మూడోసారి చీవాట్లు తినడానికి సిగ్గుపడి, నన్ను చెల్లె అన్న మనిషికి అందాల్సిన మందును నేనే ఆపుతున్నానని నాకు అప్పుడే తెలుసు. తెలిసే, పోయి రమ్మన్నాను.

మూడు నెలలకు ఆమె తన చెల్లెలి భుజం పట్టుకుని వచ్చింది. టీబీ సోకింది. మందు మార్చారు. ఆ కొత్త మందు డబ్బా సగం కాకముందే లక్ష్మమ్మ పోయింది. ముందే మార్చి ఉంటే బతికేదా? ఏమో. ఆ ఏమో నన్ను తినేస్తోంది.

కర్మకాండ అయ్యాక చెల్లెలు వచ్చి ఆ డబ్బా నా బల్ల మీద పెట్టింది. వాపసు ఇమ్మని అక్క చెప్పి పోయిందట. ఆమె వెళ్లాక లెక్కపెట్టాను. లక్ష్మమ్మ పోయిన రోజు వరకు ఒక్క పూట కూడా తప్పలేదు; మిగిలినవన్నీ ఆ తర్వాతి రోజులవే.

కంప్యూటర్‌లో ఇప్పటికీ ఆమె మాత్రలు మానేసే మనిషనే ఉంది. అది అబద్ధం. రాసింది నేను.