మూటలోని నామినేషన్

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక ప్రశ్న అడగడం. "కొంగు ఇంకా నెయ్యనే లేదు గదప్పా, చీర మూట యాడిదీ?" అన్నాను. ఆ మాట అన్న అయిదు నిమిషాలకు ఒక మనిషి కుడిచేతి వేళ్లు నాలుగు విరిగిపోయాయి.

మాది అనంతపురం జిల్లాలో మగ్గాల మీద బతికే ఊరు. ధర్మవరమంత పెద్దది కాదు. మున్సిపాలిటీ ఆఫీసుకు ఎదురుగా నా పట్టుచీరల అంగడి. పడుగూ జరీ నేనిస్తాను. నేసేవాళ్లు తమ ఇళ్లల్లోనే నేసి, చీర పూర్తవగానే మగ్గం మీది నుంచి కోసి, మూటగట్టి తెచ్చిస్తారు. ఎవరి మగ్గం మీద చీర ఎంతవరకు వచ్చిందో సావుకారికి ఎప్పుడూ తెలిసే ఉంటుంది. రెండు రోజులకోసారి ఇళ్ల వెంబడి తిరిగి చూసి వస్తాం. చీరలో చివర నేసేది కొంగు. కొంగు పడలేదంటే ఆ చీర మగ్గం మీదనే ఉన్నట్టు.

అది మున్సిపాలిటీ ఎన్నికల నామినేషన్లకు చివరి రోజు. మధ్యాహ్నం మూడింటికి తలుపులు మూస్తారు. మా వార్డు నుంచి మళ్లీ మున్సిపల్ చైర్మనే నిలబడ్డాడు. అప్పటికి ఆయన మీద రెండు కేసులున్నాయి. ఒకటి తాగునీళ్ల ట్యాంకర్లది. ఎండాకాలంలో మా వీధికి రోజూ నీళ్లు తోలినట్టు బిల్లులు చేయించుకున్నాడు. నిజానికి ఆ నెలంతా పైపుల కోసమని వీధిని తవ్వి పెట్టారు, సైకిలు కూడా దూరేది కాదు. రెండోది, ఆ బిల్లుల మీద సంతకం పెట్టనన్న గుమాస్తాను ఆఫీసులోనే కుర్చీతో కొట్టించిన కేసు. ఆ గుమాస్తాకు ఇప్పటికీ ఒక చెవి వినపడదు. రెండు కేసుల్లోనూ చార్జిషీటు వేశారు.

పొద్దున్నుంచి చైర్మన్ మనుషులు నలుగురు నా అంగట్లోనే కూచున్నారు. ఆఫీసుకు పోయే దారంతా అక్కణ్నుంచి కనబడుతుంది. బయట వాళ్ల జీపు, జీపులో కట్టెలు. నేనే టీలు తెప్పించాను. వాళ్ల పెద్దకు మెడ మీద పాత కత్తిగాటు ఉండేది. మాట్లాడేటప్పుడు దాన్ని గోక్కునేవాడు.

"సావుకారీ, నీకొక డౌటుండాదంట గదా? కేసులుండే మనిషి మళ్లా నిలబడొచ్చునా అని?" అన్నాడు.

అంతకుముందు వారం టీకొట్టు దగ్గర ఎవరితోనో అన్న మాట అది. అది వాళ్ల దాకా పోయింది. "అబ్బే, నేనెందుకంటానన్నా."

"అనప్పా, తప్పేముండాది? వకీలే చెప్పినాడు. శిక్ష పడితేనే పనికిరాడు. కేసుంటే ఏం కాదు. కేసంటే మీసం మాదిరి. మగోనికి ఉండాల."

"మరి కేసు లేనోడు నిలబడొచ్చునా అన్నా?" అని పక్కవాడు వేళాకోళంగా అడిగాడు.

"నిలబడొచ్చు. నిలబడినంక కూచోబెట్టేది మన పని."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

అప్పటికే వాళ్లు ఇద్దర్ని వెనక్కి పంపించారు. ఒకాయన కాగితాలు మూలమలుపు దగ్గరే చించేశారు. ఇంకొకాయన్ను కాలవలోకి తోసి, లేవబోయినప్పుడల్లా తన్నారు. ఆయన నోట్లోంచి రక్తమూ బురదా కలిసి కారాయి. పోలీసులు టార్పాలిన్ నీడలో కూచుని మజ్జిగ తాగుతూ అటువైపు తిరిగారు.

మధ్యాహ్నం రెండు దాటాక మా నేతగాడు వచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా నాకు నేస్తున్న మనిషి. వాళ్లది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని కూచున్నవానికి కిటికీలోంచి మనుషుల మొహాలు కనబడవు, చక్రాలు కనబడతాయి. ఆ నెల తన కిటికీ ముందర ఒక్క ట్యాంకరు చక్రం కూడా తిరగలేదని ట్యాంకర్ల కేసులో సాక్ష్యం రాయించింది ఆయనే. చైర్మన్ మీద పోటీ చేస్తానని నాకు వారం ముందే చెప్పాడు. నామినేషన్ మీద అదే వార్డు మనిషి ఒకరు ప్రతిపాదకుడిగా సంతకం పెట్టాలి. నన్ను పెట్టమన్నాడు. "చూద్దాంలేప్పా" అన్నాను. రెండు రోజులు చూసి, ఆయన తన బావమరిదితో పెట్టించుకున్నాడు.

ఆయన చంకలో తెల్లగుడ్డ మూట. చీర తెచ్చేటప్పుడు ఎట్లా కట్టుకొస్తాడో అట్లాగే కట్టాడు. మెడ మీద గాటున్నవాడు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. నేతగాడు చీర మూటతో పోవడం మా ఊళ్లో ఎవరూ పట్టించుకోని సంగతి. ఆయన నా అంగడి మెట్లు దాటి పోతున్నాడు. ఇంకో నలభై అడుగులు వేస్తే ఆఫీసు గేటు.

అప్పుడు నేను ఆ ప్రశ్న అడిగాను.

ఆయన ఆగిపోయాడు. నలుగురూ లేచారు. మూట లాగి విప్పితే పాత చీర, దాని మడతల్లో నామినేషన్ కాగితాలు. గాటున్నవాడు ఫోన్ చేసి, మాకందరికీ వినపడేట్టు పెట్టాడు. "అన్నా, మగ్గం నేసేటోడు చీరలో కాగితాలు చుట్టుకోని పోతాండాడు."

అవతల చైర్మన్ గొంతు. ఆ గొంతు నాకు బాగా తెలుసు. "ఏ చేత్తో సంతకం పెట్టినాడంట?"

"కుడిచేత్తోనే ఉంటాదిలేన్నా."

"మళ్లా పెట్టకుండా చూడు."

ఆయన్ను లోపలికి ఈడ్చి, ఇద్దరు ఆయన చేతిని నా గల్లాపెట్టె పక్కన బల్ల మీద పరిచి పట్టుకున్నారు. నేను చీరలు కొలిచే ఇనుప మీటరు కడ్డీ ఆ పక్కనే, నా దగ్గరుంది. "ఇట్లియ్యి సావుకారీ" అని గాటున్నవాడు చెయ్యి చాచాడు.

ఇచ్చాను.

మొదటి దెబ్బకు ఆయన అరవలేదు, ఊపిరి బిగబట్టాడు. రెండో దెబ్బకు అరిచాడు. మూడో దెబ్బకు ఎముక శబ్దం నాకు వినపడింది. గోళ్ల కిందినుంచి రక్తం చిమ్మి బల్ల మీద పడింది. ఆ క్షణంలో నేను చేసిన పని కూడా చెప్పాలి. బల్ల మీదున్న చీరలకు రక్తం అంటుతుందని వాటిని తీసి లోపలి అరలో పెట్టాను. మళ్లీ వచ్చి, మిగతావి కూడా తీసి పెట్టాను. ఆయన నన్నే చూస్తున్నాడు.

వాళ్ల ఆవిడ పరుగెత్తుకొచ్చి ఆటోలో అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. సాయంత్రం పోలీసులు అడిగితే, "లోపల చీరలు సర్దుతాంటి సార్, ఏమీ చూళ్లేదు" అన్నాను. సర్దుతుండటం మాత్రం నిజమే. సాక్షి లేడని వాళ్లు కేసు కట్టలేదు.

చైర్మన్ మా వార్డులో ఏకగ్రీవంగా గెలిచి, మళ్లీ చైర్మన్ అయ్యాడు. ఊరేగింపు నా అంగడి ముందర ఆగితే, పట్టు శాలువ తీసి కప్పాను. ఆ కడ్డీని కడిగి, మళ్లీ దాంతోనే చీరలు కొలిచాను.

నోరు జారిందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. వ్యాపారి అలవాటు, మగ్గం మీది చీర గుర్తొచ్చి అడిగేశాను, అంతే అని. ఆరు నెలలయ్యాక ధైర్యం చేసి వాళ్లింటికి పోయాను. గుంటలో ఆవిడ కూచుని నేస్తోంది. ఆయన గోడకానుకుని ఎడమచేత్తో కండెలకు దారం చుడుతున్నాడు. కుడిచేతి వేళ్లు వంకరగా, ఒకదాని మీదికొకటి ఎక్కి అతుక్కున్నాయి.

"కూచోమనేదానికి మనసు రాలేదన్నా. నిలబడే మాట్లాడు" అంది ఆవిడ, మగ్గం ఆపకుండా.

"ఆ పొద్దు నోరు జారిందప్పా" అన్నాను ఆయనతో.

"జారలేదు సావుకారీ." ఆయన గొంతులో కోపం కూడా లేదు. "పోటీ చేస్తాండానని నీకు చెప్పింటి. మూటలో ఏముండాదో నీకు తెలుసు. నన్ను చూసి అడిగినావు గానీ, ఆ మాట వాళ్లకు చెప్పినావు."

అది నిజం. టీకొట్టు దగ్గర అన్న మాట వాళ్లకు తెలిసిపోయింది. నేను వాళ్ల మనిషినేనని ఎట్లాగైనా చూపించుకోవాలనుకున్నాను. ఆ తొందరలో నాకు దొరికింది ఆయన.

"తప్పయిపోయిందప్పా."

"నాకు చెప్పేదేముండాది? నేను ఆడనే ఉంటి గదా. ఆడ లేనోళ్లకు చెప్పు."

ఆ మాట విన్న మర్నాడే పోయానని రాసుకుంటే బాగుండేది. పోలేదు. ఇంకో ఏడాది భయపడుతూ గడిపాను. ఒకరోజు ఒక పెళ్లివాళ్లు చీర కొలిచి చూపించమన్నారు. కడ్డీ చేతిలోకి తీసుకున్నాను గానీ, చీర మీద ఆనించలేకపోయాను. చీర వాళ్ల ముందరే వదిలేసి లోపలికి పోయి, కడ్డీని గుడ్డలో చుట్టి పెట్టాను. ఆ వారమే మేజిస్ట్రేటు ముందర హాజరై, కడ్డీ అప్పగించి, ఫోన్లో విన్న చైర్మన్ గొంతుతో సహా అంతా చెప్పాను. కడ్డీ అందించింది నేనేనని కూడా చెప్పాను. దాంతో చైర్మన్ మీద మూడో కేసు పడింది.

పల్లెల్లో పగబట్టినవాళ్లు చీనీ, అంటే బత్తాయి తోటలు నరుకుతారు. మా ఊళ్లో పడుగులు కోస్తారు. నేను సాక్ష్యం చెప్పిన నాలుగో రోజు పొద్దున్నే నాకు నేసే నాలుగిళ్లల్లో దూరి, మగ్గాల మీద పరిచిన పడుగు దారాల్ని కొడవళ్లతో అడ్డంగా కోసేశారు. అడ్డమొచ్చిన ఒక ముసలామె ముంజేయి కూడా కోశారు. నా అంగడి మీద రాళ్లు పడ్డాయి. ఒకటి నుదుటికి తగిలి, కుట్లు పడ్డాయి. తెగిన పట్టుపోగులు వీధిలో గాలికి ఎగిరి, తవ్వి వదిలేసిన గుంతల్లో పేరుకున్నాయి.

విచారణలో చైర్మన్ వకీలు నన్ను నిలదీశాడు. "అప్పుడు చూడలేదన్నారు, ఇప్పుడు చూశానంటున్నారు. ఏది అబద్ధం?"

"మొదటిది సార్."

"అంటే మీరు అబద్ధాలకోరు."

"అవును సార్. ఆ అబద్ధం వల్లే మీ చైర్మన్ ఇన్నాళ్లు చైర్మన్‌గా ఉన్నాడు."

తీర్పు ఇంకా రాలేదు. అంతలో అయిదేళ్లు నిండి మళ్లీ ఎన్నికలొచ్చాయి. చైర్మన్ మళ్లీ నిలబడ్డాడు. నిలబడొచ్చునా అని ఇప్పుడు జనం నన్నే అడుగుతున్నారు, మూడు కేసుల సంగతి నాకు బాగా తెలుసని. శిక్ష పడేదాకా నిలబడొచ్చు అని చెబుతున్నాను. ఎదురు నిలబడేవాళ్లు ఉండాలి, అంతే.

ఈసారి నేతగాని ఆవిడ నిలబడింది. ప్రతిపాదకుడిగా నేను సంతకం పెడతానని నేనే పోయి అడిగాను.

"ఈసారి కూడా చూద్దాంలే అంటావేమో అన్నా?" అంది. కాగితం ముందుకు తోసింది. అక్కడే పెట్టాను.

నిన్న మేం మూట కట్టలేదు. కాగితాలు నా చేతిలో అందరికీ కనబడేట్టు పట్టుకుని, ఆవిడ పక్కన నడిచాను. ఆయన మా వెనక వచ్చాడు. గేటుకు ఇవతల అదే జీపు. గాటున్నవాడు బెయిలు మీద తిరుగుతున్నాడు, జుట్టు నెరిసింది.

"సావుకారీ, చేతిలో ఏముండాదప్పా?" అన్నాడు.

"నామినేషన్" అన్నాను, వీధంతా వినపడేట్టు.

మొదటి కట్టె నా భుజం మీద పడింది. కాగితాలు ఆవిడ చేతిలో పెట్టి, "పో తల్లీ" అని, గేటుకూ వాళ్లకూ మధ్యన నిలబడ్డాను. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలాను. గాటున్నవాని కాళ్లు రెండూ పట్టుకుని వదల్లేదు. వీపు మీద ఎన్ని పడ్డాయో తెలియదు. పక్కన ఆయన తన వంకర చేత్తో ఇంకొకని చొక్కా పట్టుకుని వేలాడుతున్నాడు. జనం అరుపులకు ఈసారి పోలీసులు టార్పాలిన్ కిందినుంచి లేచి వచ్చారు.

మూడింటికి ముందే ఆవిడ రసీదుతో బయటికి వచ్చింది. నేను గేటు దిమ్మెకు ఆనుకుని కూచోనుంటే, రసీదు నా కళ్ల ముందర పట్టి చూపించింది. తర్వాత ముగ్గురం పోలీసు స్టేషన్‌కు పోయాం. ఏం చూశావని ఎస్సై అడిగాడు. మొదటినుంచి చెప్పి, రాసిందంతా చదివించుకుని, కింద సంతకం పెట్టాను.